పెంకు మిగలని గుడ్డు

తెనాలి వెళ్ళొచ్చానంటే మా కాలేజీలో అందరూ జిలేబీ ఏదని అడిగారు. బాపట్ల వెళ్ళొచ్చానంటే సముద్రంలో మునిగావా అన్నారు. రేపల్లె పేరు చెప్పగానే, అక్కడేముంది అన్నారు. ఉడుమును చూడటానికి వెళ్ళానంటే మాత్రం ఎవరూ నమ్మలేదు. అనంతపురంలో ఏ రాళ్ళగుట్ట ఎక్కినా కనపడే ఉడుము కోసం రాత్రంతా రైల్లో కూర్చుని కోస్తాకు పోవాలా అని మా ప్రిన్సిపాల్ గారి సందేహం. న్యాయమైన సందేహమే. అందుకే ఇదంతా రాస్తున్నాను.

నేను జూనియర్ కాలేజీలో పదహారేళ్ళుగా జంతుశాస్త్రం చెప్తున్నాను. ఉడుము పాఠం వచ్చిందంటే నాకు పండగ. వెనక బెంచీల వాళ్ళు కూడా నిద్ర లేస్తారు. దాని నడుముకు తాడు కట్టి కోటగోడ మీదికి విసిరి, ఆ పట్టుతో సైనికులు పైకెక్కేవాళ్ళని చేతులు తిప్పుకుంటూ చెప్తాను. రెండుగా చీలిన నాలుకతోనే వాసన పడుతుందని చెప్తాను. ఏం తింటుందో కూడా చెప్తాను. పురుగులు, కప్పలు, పీతలు, ఎలుకలు, చిన్న పాములు, గుడ్లు, ఏమీ దొరక్కపోతే చచ్చినవి. ఇన్ని చెప్పినదాన్ని, ఉడుము ఏదైనా నోట పెట్టుకోవడం ఒక్కసారి కూడా చూడలేదు. మా వైపు అది మనిషి అలికిడి వినగానే రాతి సందులో దూరుతుంది. మనకు తోక దర్శనమే.

కిందటేడు నా హాస్టల్ స్నేహితురాలు రెహానా తెనాలి నుంచి ఫోన్ చేసింది. "సుజాతా, ఒక్క మాట చెప్పు. ఉడుము గుడ్డు తింటే పెంకు మిగులుతుందా?" అంది.

అప్పుడు నేను ఉగ్గాణి తింటున్నాను. బొరుగులు నానబెట్టి పోపు వేసి చేసుకునే మా సీమ టిఫిన్ అది, చల్లారితే బాగుండదు. "మిగలకుండా ఎక్కడికి పోతుందే? పగలగొట్టి లోపలిది నాకేస్తుంది, పెంకు వదిలేస్తుంది" అన్నాను. చిన్నప్పుడు మా పెరట్లో ముంగిస అలాగే చేసేది. ముంగిసను చూసిన కళ్ళతో ఉడుము సంగతి చెప్పేశాను. "థాంక్సే" అని పెట్టేసింది రెహానా. ఎందుకు అడిగావని నేనూ అడగలేదు. ఉగ్గాణి మాత్రం వేడిగానే తిన్నాను.

తెనాలి

మా అనంతపురం ఎండ నెత్తిన ఒక మొట్టికాయ వేసి పోతుంది. తెనాలి ఎండ తడిగుడ్డ చుట్టి కూర్చోబెడుతుంది. సెలవుల్లో రెహానా రమ్మంటే వెళ్ళాను. రైలు దిగి రిక్షా ఎక్కేలోపే చీర ఒంటికి అతుక్కుపోయింది. ఎంత అని అడిగితే, "మీకు తోచింది ఇవ్వండమ్మా" అన్నాడు రిక్షా ఆయన. కోస్తా మర్యాద ఎంత బాగుందని మురిసిపోయి దిగాక పది రూపాయలిచ్చాను. "మరీ ఇంతేనా అండి?" అన్నాడు. ఇంకో ఐదిచ్చాను. మర్యాదకు కూడా ఒక రేటుంటుందని మొదటి పది నిమిషాల్లోనే తెలిసింది.

రెహానా పదిహేనేళ్ళలో బాగా ఒళ్ళు చేసింది. నన్ను చూసి అదీ అదే మాట అంది. వాళ్ళమ్మ గారు మాత్రం నేను చిక్కిపోయానని తీర్మానించి, ఆ తీర్మానాన్ని వెంటనే అమలులో పెట్టారు. ఆమె వడ్డన ఎలాంటిదంటే, చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి పప్పు పడుతుంది. "చాలండీ" అంటే, "ఏంటమ్మా, పిచ్చుక తిన్నట్టు తింటున్నావు, ఇంకొంచెం" అంటారు. వంకాయ కూర అయ్యాక గోంగూర, గోంగూర అయ్యాక ఎండురొయ్యలు, అవయ్యాక పెరుగులోకి మళ్ళీ అన్నం. ప్రతిదానికీ ఆ "ఇంకొంచెం" తప్పదు. మా వైపు కూడా ముద్ద మీద ముద్ద పెడతారు గానీ, రాగి సంగటి ముద్ద ఎంతుందో కంటికి కనపడుతుంది, మనిషి జాగ్రత్త పడొచ్చు. ఇక్కడ అన్నం గుట్ట ఎప్పుడు పెరిగిందో తెలియదు. "మా వైపు 'ఇంకొంచెం' అనకపోతే వచ్చినవాళ్ళు తమను పొమ్మన్నట్టు అనుకుంటారే" అని రెహానా నవ్వింది. ఆ మాట నాకు తర్వాత పనికొచ్చింది.

సాయంత్రం బెల్లం జిలేబీ తెచ్చుకున్నాం. పావుకిలో పది రూపాయలు. నల్లగా, కాలువ ఒడ్డున తేలే కర్రముక్కలా ఉంటుంది గానీ నోట్లో పెట్టుకుంటే మా ఊరి ఎర్ర జిలేబీ మొహం మళ్ళీ చూడబుద్ధి కాదు. రెండోది కొరుకుతుండగా రెహానా అంది.

"కిందటేడు నువ్వు చెప్పిన మాట భలే పనికొచ్చిందే. మా మస్తానన్నయ్య ఇప్పటికీ తలుచుకుంటాడు."

మస్తాన్ అంటే రెహానా పెద్దన్నయ్య. రేపల్లెలో ఉంటాడు, బాతులు పెంచుతాడు. అక్కడ బాతులు పెంచడమంటే దొడ్లో కట్టేసి మేత వెయ్యడం కాదు. వరి కోసిన పొలం వెంట పొలం, కాలువ వెంట కాలువ మందను తోలుకుంటూ తిరగాలి. రాలిన గింజలు, నత్తలు, పురుగులు వాటి మేత. పొద్దుగూకేసరికి ఎక్కడుంటే అక్కడ వల కట్టి మందను లోపలికి తోలతారు. తెల్లవారకముందే బాతులు గుడ్లు పెడతాయి. కాపరి బుట్ట పట్టుకుని అవి ఏరి, మందను మేతకు తోలతాడు. అయితే ప్రతి మందలోనూ బద్ధకపు బాతులు కొన్ని ఉంటాయట. అవి పొద్దెక్కాక తీరిగ్గా గడ్డిలో పెడతాయి. ఆ గుడ్లు మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు ఏరుకోవాలి. కిందటేడు తగ్గుతూ వచ్చినవి ఆ మధ్యాహ్నపు గుడ్లే. రోజుకు రెండో మూడో.

"మా అన్నయ్య దగ్గర ఏడేళ్ళు పనిచేసినాయన ఏసురత్నమని ఉన్నాడులే. ఉడుము తింటోందన్నాడు. ముంగిసైనా కాకైనా పెంకు వదులుద్ది కదా, అక్కడ పెంకు ముక్క లేదు. అన్నయ్య నన్నడిగితే నేను నిన్నడిగా. ఉడుమైనా పెంకు వదులుద్దని నువ్వు చెప్పావు. అంటే మనిషి పనే కదా మరి? ఆయన్ని పంపించేశాడు."

"రెండు గుడ్లకు మనిషిని పంపించేశారా?"

"గుడ్లకెందుకు పంపుతాడే? అడిగితే ఇచ్చేవాడు. అబద్ధం చెప్పాడని పంపించాడు. రేపల్లెలో గుడ్ల కొట్టు దగ్గర అందరి ముందూ, 'పెద్ద చదువు చదివిన మేడమే చెప్పింది, ఇంకా ఉడుమంటావేంటి' అని అనేశాడు. ఆ తర్వాత ఇంకెవరూ మంద అప్పజెప్పలేదంట పాపం."

జిలేబీ నా చేతిలోనే ఉండిపోయింది. పాకం మోచేతి దాకా కారింది. నాకు చాలా భయం వేసింది. తప్పు చేశానని కాదు, చేశానో లేదో కూడా నాకు తెలియనందుకు. ఉడుము పెంకు వదులుతుందో లేదో ఆ క్షణంలో నన్ను నిలదీస్తే, ఉగ్గాణి తప్ప నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

"ఆయన ఇప్పుడెక్కడున్నాడు?" అన్నాను.

"బాపట్ల అవతల జీడితోటలో కాపలా అంట. ఎందుకే?"

"ఏం లేదు. సూర్యలంక చూద్దామని" అన్నాను. పదిహేనేళ్ళ తర్వాత కలిసిన స్నేహితురాలికి అది నా మొదటి అబద్ధం.

బాపట్ల

బాపట్ల స్టేషన్ బయట చెట్టు కింద ఒకాయన చిన్న చిన్న సీసాలు పరిచి కూర్చున్నాడు. వెనక అట్ట మీద ఉడుము బొమ్మ. మోకాళ్ళ నొప్పులకు ఉడుము నూనె, సీసా పది రూపాయలు. నాలోని లేడీ లెక్చరర్ ఊరుకోలేదు. "ఉడుమును పట్టడం నేరమని తెలుసా? జైల్లో వేస్తారు" అన్నాను.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కంగారు పడమాకండి మేడం గారూ. ఇది కొబ్బరి నూనేనండి. ఉత్త కొబ్బరి నూనంటే ఎవరు కొంటారండి? నేను ఉడుమును ముట్టుకోను కూడా ముట్టుకోలేదండి, నాకు భయం."

ఇంకో రోజైతే పడీపడీ నవ్వేదాన్ని. ఉడుమును ముట్టుకోకుండా ఉడుము పేరు మీద బతుకుతున్నది ఆయనొక్కడే కాదు కదా అనిపించి, ఒక సీసా కొనుక్కుని ఆటో ఎక్కాను.

జీడితోట ఇసుకనేల మీద ఉంది. మా వైపు ఇసుకంటే ఎండిన ఏరు. ఇక్కడ ఇసుకలో చెట్లు నీడనిచ్చి, కాయలు కూడా కాస్తున్నాయి. తాటాకు పాక ముందు యాభై ఏళ్ళాయన ముంజెలు కొడుతున్నాడు. పాక చుట్టూ మూడు బాతులు తిరుగుతున్నాయి. ఆయనే ఏసురత్నం. నేను టీచర్నని, ఉడుములు ఏం తింటాయో చూసి రాసుకోవాలని వచ్చానని చెప్పాను. అందులో అబద్ధం లేదు. నిజం కూడా పూర్తిగా లేదు.

ఆయన మొహం వెలిగిపోయింది. "ఉడుము గురించి అడిగేవాళ్ళు కూడా ఉంటారా అండీ! మార్తా, చూడు, టీచరమ్మ గారు ఉడుము కోసం వచ్చారంట" అని భార్యను పిలిచాడు. మార్తమ్మ చాప వేసింది, ముంజెలు వలిచి చేతిలో పెట్టింది. నాలుగు తిన్నాక చాలంటే, "ఇంకో రెండు తినండమ్మా, చలవ" అంది.

ఏసురత్నానికి ఉడుము గురించి తెలిసినది నా పదహారేళ్ళ నోట్సులో లేదు. "ఎండెక్కితే గానీ లేవదండి. ఒళ్ళు కాగాలి దానికి. లేచాక ఇంక ఊరుకోదు, ఆకులు గోకుద్ది, పేడ తిరగేసుద్ది. ఎక్కువ తినేది పురుగులేనండి. గుడ్డు దొరికిందా, పండగే" అన్నాడు.

"గుడ్డు తింటే పెంకు..." అన్నాను.

"ఉండదండి! అదేగదండీ నా ఖర్మ!" అని గట్టిగా నవ్వి, తన కథ తనే చెప్పాడు. మస్తాన్ గారు మంచోరేనట. ఎవరో పెద్ద చదువుకున్న మేడం ఫోనులో చెప్పిందట, ఆయన మాత్రం ఏం చేస్తాడట. ఎక్కడా కోపం లేదు. చివర్లో మాత్రం చూపు బాతుల వైపు తిప్పుకున్నాడు.

"మా ఊరి లూథరన్ చర్చిలో ఆదివారం కానుకల సంచి నేనే పట్టేవాణ్ణండి, పన్నెండేళ్ళు. ఆ మాట పడ్డాక మానేశా. ఎవరూ మానమన్లేదు. సంచి పట్టుకుని వరసలో పోతుంటే అందరూ దాని వంకే చూస్తన్నట్టు అనిపించేదండి."

"ఆ మేడం ఎవరో గానీ, ఆమె నోట్లో దుమ్ము పడ" అంది మార్తమ్మ. ఆమె వలిచిన ముంజె నా నోట్లోనే ఉంది. గుటుక్కున మింగాను.

పొద్దున్నే ఏడింటికి రమ్మన్నాడు. ఆ సాయంత్రం సూర్యలంక ఒడ్డున కూర్చుని, కనపడినదల్లా ఫొటో తీశాను. పడవలు, ఎర్ర పీతలు, బెల్లంపాకం అంటిన నా చీర కుచ్చెళ్ళు. కెమెరాలో ముప్పయ్యారు బొమ్మల రీలు. 'ఉడుమూ వద్దు, చెయ్యి వస్తే చాలు' అన్న సామెత ఎవరు కనిపెట్టారో గానీ ఆ సాయంత్రం నాకోసమే కనిపెట్టినట్టుంది. రైలెక్కి ఇంటికి పోతే ఎవరికి తెలుస్తుంది? ఆయనకు నా పేరు కూడా తెలియదు. ఎందుకు పోలేదంటే, ధైర్యం వచ్చి కాదు. నాకు తెలియనిది తెలుసుకోకుండా మళ్ళీ ఆ పాఠం చెప్పలేనని తెలిసి. అదీగాక లాడ్జికి రెండు రోజుల అద్దె ముందే తీసేసుకున్నారు.

జీడితోట, శనివారం పొద్దున

ఏసురత్నం తన బాతు అప్పుడే పెట్టిన గుడ్డును పాకకు పది గజాల దూరంలో ఎండాకుల మధ్య పెట్టాడు. మేం ముగ్గురం పాక లోపల తడిక సందుల్లోంచి చూస్తూ కూర్చున్నాం. ఎనిమిదైంది. చీమలు నా కాలి మీదుగా ఎక్కడికో పెళ్ళికి వెళ్తున్నాయి. ఎనిమిదిన్నరకు దూరంగా పొడవాటి నల్లని ఆకారం కనపడింది. టకటకా నాలుగు ఫొటోలు తీశాను. నాలుగో దానికి కెమెరా గిర్రున చుట్టుకుని ఆగిపోయింది. రీలు అయిపోయింది.

"దేన్ని తీస్తన్నారమ్మా?" అన్నాడు ఏసురత్నం మెల్లగా.

"అదిగో, ఉడుము."

"అది తాటిమట్టండి."

మార్తమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

అసలైనది తొమ్మిది దాటాక వచ్చింది. బారెడుకు జానెడు తక్కువ ఉంటుంది. రావడం రావడం గుడ్డు దగ్గరికి రాలేదు. ఇల్లు అద్దెకు చూసుకునేవాళ్ళలా అన్ని మూలలూ తిరిగింది. నాలుక చాపి లోపలికి తీసుకుని, మళ్ళీ చాపి, ముందుకాళ్ళ గోళ్ళతో ఆకులు తవ్వింది. తెల్లని లావు పురుగు ఒకటి దొరికితే చప్పరించి మింగింది. పేడపురుగును రెండుసార్లు విదిలించి మింగింది. నేను క్లాసులో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పే జాబితా నా కళ్ళ ముందు ఒక్కొక్కటిగా దాని నోట్లోకి పోతోంది. చెప్పడం వేరు, చూడటం వేరు. నాకు ఒళ్ళు పులకరించింది.

అప్పుడు దాని నాలుకకు గుడ్డు వాసన తగిలింది. తల ఒకసారి ఎత్తి చూసింది. వచ్చి గుడ్డును ఒక కొసన పట్టుకుంది. బాతు గుడ్డు పెద్దది, ఆ నోట పట్టదనే అనుకున్నాను. ఇప్పుడు పగలగొడుతుంది, ఇప్పుడు పెంకు కింద పడుతుంది, ఇంకా నాకొక దారి ఉంది అనుకున్నాను. ఉడుము మెడ పైకెత్తింది. దవడలు సాగాయి. గుడ్డు అంతా లోపలికి పోయింది. గొంతు ఉబ్బి, లోపల ఎక్కడో టప్పుమని చిన్న చప్పుడు వినపడింది. మెడ రెండుసార్లు ఊగింది. ఆ తర్వాత మూతిని అటొకసారి ఇటొకసారి ఇసుకకు రాసుకుని, ఏమీ ఎరగనట్టు జీడిచెట్ల వెనక్కి నడుచుకుంటూ పోయింది.

నేను బయటికొచ్చి ఆకులన్నీ తిరగేశాను. ఇసుక జల్లించాను. గోరంత పెంకు లేదు.

"చూశారా అమ్మా!" అని ఏసురత్నం చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. "ఏడేళ్ళల్లో నాలుగుసార్లు చూశానండి నేను. నాతోపాటు చూసినోళ్ళు ఎవరూ లేరు. ఇయ్యాల మీరున్నారు."

"ఆ మేడం కూడా ఇయ్యాల ఇక్కడుంటే బాగుండేది" అంది మార్తమ్మ.

"ఉందమ్మా" అన్నాను. ఇసుకలో మోకాళ్ళ మీద ఉన్నాను, లేవడం కూడా మర్చిపోయాను. "నేనే. ఆ ఫోనులో మాట్లాడింది నేనే. నేను ఎప్పుడూ చూడలేదు. చూసినట్టు చెప్పాను."

ఆయన చేతులు ఇంకా చప్పట్లు కొట్టినట్టే దగ్గరగా ఉన్నాయి. మార్తమ్మ పాకలోకి వెళ్ళిపోయింది. అందులో వంటసామాను చప్పుడు మామూలు కంటే గట్టిగా వినపడింది. ఏసురత్నం అన్నాడు.

"తెలీదని ఉంటే సరిపోయేదమ్మా. తెలీదంటే ఎవరి కూడూ పోదు."

తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆయనే కంగారుపడి, "ఎండెక్కింది, లోపలికి రండి, అన్నం తిందురుగాని" అన్నాడు.

మార్తమ్మ వడ్డించింది. బాతుగుడ్ల పులుసు, చింతపండు ఘాటుగా, రెండు గుడ్లు వేసింది. నా జన్మలో అంత రుచైన పులుసు తినలేదు, అంత కష్టంగా మింగింది కూడా లేదు. అన్నం అయిపోయింది. కంచంలో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఆమె నా కంచం వైపు చూసింది, గిన్నె వైపు చూసింది, గిన్నె మీద మూత పెట్టేసింది. "ఇంకొంచెం" అనలేదు. మూడు రోజులుగా ఏ ఇంట్లోనూ, ఏ హోటల్లోనూ ఆ మాట నన్ను వదల్లేదు. ఆమె అనకపోవడం కంటే పెద్ద తిట్టు ఆ ప్రాంతంలో లేదని అప్పటికి నాకు తెలుసు.

"అన్నా, నేను మస్తాన్ గారికి ఫోన్ చేసి చెప్తాను" అన్నాను చెయ్యి కడుక్కుంటూ.

"ఫోన్లో వద్దండి" అన్నాడు ఏసురత్నం. మొదటిసారి ఆయన గొంతు గట్టిగా వినపడింది. "మాట ఎక్కడ పడిందో అక్కడే ఎత్తాలండి. గుడ్ల కొట్టు దగ్గర, నలుగురున్నప్పుడు. మా బాతులోళ్ళ పద్ధతి అది. శనివారం సాయంత్రం అందరూ అక్కడే ఉంటారు."

"నేనూ వస్తా. నా చెవులతో వినాలి" అంది లోపల్నుంచి మార్తమ్మ.

రేపల్లె

బాపట్ల నుంచి రేపల్లె బస్సు ఊరూరా ఆగుతూ, మధ్యలో డ్రైవరు దిగి ఎవరితోనో పెళ్ళిసంబంధం మాట్లాడి వచ్చేదాకా కూడా ఆగింది. మార్తమ్మ నా పక్క సీటులోనే కూర్చుని, కిటికీలోంచి బయటికే చూసింది. రేపల్లెలో రైలుపట్టాలు అయిపోతాయి. అక్కడి నుంచి ముందుకు రైలు లేదు. నా పరిస్థితి కూడా అదే. దారి పొడవునా ఊకవాసన, రైసు మిల్లుల దుమ్ము. టీ మూడు రూపాయలు, నేను కావాలని నెమ్మదిగా తాగాను.

గుడ్ల కొట్టు అంటే రేకుల షెడ్డు. ఎండుగడ్డి పరిచిన బుట్టల్లో లేత నీలం రంగు గుడ్లు. అరడజను మంది బాతుల యజమానులు బల్లల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. కొట్టు యజమాని డెబ్భై ఏళ్ళ ముసలాయన, గుడ్డును చెవి దగ్గర ఊపి మంచిదో కాదో చెప్తున్నాడు. రెహానా పోలికలతో ఉన్నాయన మస్తాన్ అని చూడగానే తెలిసింది. ఏసురత్నాన్ని చూసి ఆయన మాట మధ్యలో ఆగిపోయింది.

నలభై మంది పిల్లల ముందు రోజూ మాట్లాడేదాన్ని. ఏడుగురి ముందు గుడ్ల బుట్ట అంచు పట్టుకుని మొదలుపెట్టాను.

"నా పేరు సుజాత. రెహానా స్నేహితురాల్ని. ఉడుము గుడ్డు తింటే పెంకు మిగులుతుందని కిందటేడు ఫోనులో చెప్పింది నేనే. అది తప్పు. ఈ పొద్దున నా కళ్ళతో చూశాను. గుడ్డుకు గుడ్డు మింగేసింది. పెంకు మిగల్లేదు. ఏసురత్నం గారు చెప్పింది నిజం. నేను చెప్పింది అబద్ధం."

మస్తాన్ గారు మెల్లగా అడిగారు. "అమ్మా, అప్పుడు మీరు ఖాయంగా చెప్పారంటగా?"

"ఖాయంగానే చెప్పానండి. తెలియకుండా ఖాయంగా చెప్పాను."

"మరి చూసినట్టు ఫొటో ఏమన్నా ఉందాండి?" అన్నాడు బల్ల మీది ఒకాయన.

"ఉందండి. తాటిమట్టది" అన్నాను. సంగతి చెప్పక తప్పలేదు. చెప్పేసరికి షెడ్డు ఘొల్లుమంది. మార్తమ్మ కూడా మొహం పక్కకు తిప్పుకుంది.

ముసలాయన చేతిలో గుడ్డు బుట్టలో పెట్టాడు. "ఫొటో ఎందుకురా? తన తప్పు తను చెప్పుకోడానికి ఇంత దూరం వచ్చి ఎవరన్నా అబద్ధం ఆడతారా?" అన్నాడు.

మస్తాన్ గారు లేచారు. ఏసురత్నం ఎదురుగా నిలబడి, ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. "ఏడేళ్ళు నీ మాట విన్నాను. ఒక్క ఫోను విని వదిలేశాను. నాదే తప్పు ఏసురత్నం. మంద నీదే. రేపట్నించి రా" అన్నారు అందరూ వినేలా.

ఏసురత్నం కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. "రేపు కుదరదండి. ఆదివారం" అన్నాడు. "చర్చిలో సంచి పట్టుకోవాలండి. సోమవారం వస్తా."

తిరుగు రైలు

తెనాలి పాసింజరు కదలడానికి పది నిమిషాలుంది. మార్తమ్మ ప్లాట్‌ఫారం మీద పరుగులాంటి నడకతో వచ్చింది. కిటికీలోంచి కాగితం పొట్లం ఇచ్చింది. ఉడకబెట్టిన బాతుగుడ్లు, ఇంకా వేడిగా ఉన్నాయి. రెండు. తీసుకుని దణ్ణం పెట్టాను. ఆమె వెళ్ళలేదు. చెంగులోంచి ఇంకోటి తీసింది.

"ఇంకోటి తీసుకోండి" అంది.

చాలు అనలేదు నేను. చెయ్యి చాపి తీసుకున్నాను. రైలు కదిలినా ఆమె అక్కడే నిలబడి ఉంది. రెహానాకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలో ఇంకా తెలియదు గానీ, ఆకలి మాత్రం బాగా వేసింది.

ఒళ్ళో కాగితం పరుచుకుని గుడ్లు ఒలుస్తుంటే ఎదురుగా కూర్చున్న పెద్దాయన మాట కలిపాడు. ఏ ఊరు, ఏం పని అన్నీ అడిగాడు. జంతుశాస్త్రం చెప్తానని, ఉడుమును చూడటానికి వచ్చానని తెలిసేసరికి సీటు అంచుకు జరిగాడు.

"అయితే మేడం గారూ, మీకు తెలిసే ఉంటదిలెండి. వెనకటికి ఉడుముకు తాడు కట్టి కోటగోడలెక్కేవారంటారే, నిజమేనంటారా?"

నా చేతులు వాటంతటవే పైకి లేచాయి, క్లాసులో తాడు విసిరినట్టు. ఒళ్ళోని కాగితంలో పెంకులు గలగలమన్నాయి. చేతులు దించుకున్నాను.

"తెలీదండి" అన్నాను. "నేను చూళ్ళేదు."

ఆయన బాగా నిరాశపడ్డాడు. నేను ఆయనకొక గుడ్డు ఇచ్చి, మిగతావి తిన్నాను.